ఫ్లాస్కులో నీళ్లా? పాలా?

ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పాఠం అయిపోయాక నా దగ్గరకు వచ్చి ఒక సందేహం అడిగింది.

"సార్, కాన్పు తర్వాత మా అక్కకు జబ్బు చేసింది. పాపకు పోతపాలు పట్టమని డాక్టరు చెప్పినారు. రాత్రిపూట లేవలేక మా అవ్వ తొమ్మిది గంటలకే డబ్బాపొడితో పాలు కలిపి ఫ్లాస్కులో పోసి పెడుతుంది. రెండు గంటలకు పాప ఏడిస్తే అవే పడుతుంది. పాపకు ఇప్పటికి రెండుసార్లు విరేచనాలు అయినాయి. ఫ్లాస్కులో పాలు చల్లబడవు కదా సార్, మరి ఎట్లా చెడిపోతాయి?"

ఇది మంచి ప్రశ్న. విద్యార్థులారా, దీనికి జవాబు మీ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. అయితే ఒకే పాఠంలో లేదు. ఉష్ణం పాఠంలో కొంత, సూక్ష్మజీవుల పాఠంలో కొంత, ద్రావణాల పాఠంలో కొంత ఉంది. మూడింటినీ కలిపి చూద్దాం.

ఫ్లాస్కు చేసే పని

ఫ్లాస్కును 1892లో జేమ్స్ డ్యూయర్ అనే శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. దానిలో రెండు గోడల గాజుసీసా ఉంటుంది. గోడల మధ్య గాలిని తీసివేస్తారు. కాబట్టి వహనం, సంవహనం ద్వారా ఉష్ణం బయటికి పోలేదు. గాజుకు వెండిపూత ఉండటంవల్ల వికిరణం కూడా చాలా తగ్గిపోతుంది. ఈ రోజుల్లో వచ్చే స్టీలు ఫ్లాస్కుల్లోనూ సూత్రం ఇదే.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. ఫ్లాస్కు వేడిని పుట్టించదు. మీరు పోసిన ఉష్ణోగ్రతను సాధ్యమైనంత సేపు నిలబెడుతుంది, అంతే. మరిగే నీళ్లు పోస్తే మరిగే నీటి వేడికి దగ్గరగా ఉంచుతుంది. గోరువెచ్చని పాలు పోస్తే ఆ గోరువెచ్చదనాన్నే కాపాడుతుంది.

అవ్వ పోసినది గోరువెచ్చని పాలు. లేచీ లేవగానే పాప తాగడానికి వీలుగా ఉండాలని ఆమె ఉద్దేశం. ఆ వేడి సుమారు 37 నుండి 40 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అది మన శరీరపు వేడి. మన పేగుల్లో జబ్బు కలిగించే బాక్టీరియాలకు ఎంతో ఇష్టమైన వేడి కూడా అదే. పైగా పాలలో వాటికి కావలసిన చక్కెర, మాంసకృత్తులు, నీరు అన్నీ ఉన్నాయి. ప్రయోగశాలలో బాక్టీరియాలను పెంచడానికి ఇంక్యుబేటరు అనే పెట్టెను వాడతారు. పాపం, అవ్వ తనకు తెలియకుండానే ఇంట్లో ఒక ఇంక్యుబేటరును తయారుచేసింది.

ఒక చిన్న లెక్క

అనుకూలమైన పరిస్థితుల్లో ఎ.కోలై వంటి బాక్టీరియా సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతుంది. గంటకు మూడుసార్లు. తొమ్మిది గంటల నుండి రెండు గంటల వరకు అయిదు గంటలు, అనగా 15 సార్లు. ఒక్కటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఇట్లా 15 సార్లు రెట్టింపైతే 32,768 అవుతాయి. కొత్త చోటికి అలవాటు పడటానికి వాటికి మొదట కొంత సమయం పడుతుంది కనుక నిజంగా ఇంతకంటే తక్కువే ఉండవచ్చు. అయినా ఒకటితో మొదలుపెట్టినది వేలలోకి పోయిందంటే మూడు కిలోల పసికందుకు అది చిన్న సంగతి కాదు. ఇన్ని పెరిగినా పాలు విరగకపోవచ్చు, వాసన కూడా రాకపోవచ్చు.

మొదటి బాక్టీరియా ఎక్కడినుండి వచ్చింది? చేతినుండి, చెంచానుండి, సరిగా కడగని పాలసీసానుండి రావచ్చు. పొడిలోనే ఉండవచ్చు కూడా! డబ్బాపొడి చూడటానికి ఎంత శుభ్రంగా ఉన్నా, అది సూక్ష్మజీవులు బొత్తిగా లేని పదార్థం కాదు. క్రోనోబాక్టర్ అనే బాక్టీరియా పొడిలో పెరగకుండానే చాలాకాలం బ్రతికి ఉండగలదు. నీరు తగిలితే పెరగడం మొదలుపెడుతుంది. దీనివల్ల వచ్చే జబ్బు అరుదే. కాని రెండు నెలలలోపు శిశువులకు అది ప్రాణాంతకం కావచ్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఒక నియమం చెప్పింది: పొడిని కలిపే నీరు 70 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. ఆ వేడికి పొడిలోని ప్రమాదకరమైన బాక్టీరియాలు చస్తాయి.

మరిగిస్తే పోనిది

ఇక మన అనంతపురం పీఠభూమికి ప్రత్యేకమైన సంగతి. ఇక్కడ వానలు తక్కువ, బోర్లు లోతు. చాలా గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. ఫ్లోరోసిస్ వ్యాధిని మన దేశంలో మొదటిసారిగా వర్ణించినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. అంటే మన తెలుగునేలకు ఇది పాత శత్రువు. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది. వేరే నీరు దొరకనప్పుడు కూడా 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

"మరిగిస్తే పోతుంది కదా!" అంటారు చాలామంది. పోదు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, నీరు ఆవిరవుతుంది, లవణాలు మిగిలిపోతాయి. ఎండిన కుంటలో తెల్లగా పేరుకున్న ఉప్పును మీరు చూసే ఉంటారు. లీటరు నీటిలో 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉందనుకోండి. ఆ నీటిని ముప్పావు లీటరు అయ్యేదాకా మరిగిస్తే లీటరుకు 2.67 మిల్లీగ్రాముల లెక్కన చిక్కబడుతుంది. మంచి చేద్దామని గంటసేపు మరిగిస్తే చెడే ఎక్కువవుతుంది.

పోతపాలు తాగే పాపకు ఆహారమంతా ఈ నీటితోనే తయారవుతుంది. రేపు రాబోయే పళ్ల పింగాణీ పసితనంలోనే ఏర్పడటం మొదలవుతుంది కనుక ఆ నీటిని ఎంచుకోవడం ముఖ్యం. కాబట్టి బోరునీటిని కాక, ఫ్లోరైడు తక్కువని పరీక్షలో తేలిన కుళాయినీటిని లేదా శుద్ధిచేసిన నీటిని తెచ్చుకోవాలి.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఫ్లోరైడు ఉన్న నీటిని తల్లి తాగినా ఆమె పాలలోకి వచ్చేది అతి స్వల్పం. తల్లి శరీరమే ఒక వడపోత యంత్రం! తల్లిపాలను మరిగించే పని లేదు, కొలిచే పని లేదు. అందుకే మొదటి ఆరునెలలూ తల్లిపాలు మాత్రమే ఇవ్వాలంటారు. మన దేశంలో 1992 నాటి చట్టం పాలడబ్బాల ప్రకటనలను నిషేధించింది. తల్లిపాలు అందని బిడ్డకే పోతపాలు, అదీ డాక్టరు సలహాతో.

రాత్రిపూట ఏం చేయాలి?

పడుకునేముందు మంచినీటిని కళపెళ మరిగించి దించాలి. ఫ్లాస్కును ముందు కొంచెం వేడినీటితో తొలిచి, తర్వాత మరిగిన నీటిని నిండుగా పోసి మూత బిగించాలి. పొడిని వేరే ఉంచాలి. పాలసీసాను గాని, ఉగ్గుగిన్నెను గాని బాగా కడిగి, నీళ్లలో మరిగించి, మూతపెట్టి ఉంచుకోవాలి. మూలలు లేవు కనుక కడగడానికి ఉగ్గుగిన్నే సులువు.

పాప లేచినప్పుడు చేతులు సబ్బుతో కడుక్కొని, ముందు నీరు కొలిచి, తర్వాత డబ్బామీద రాసినన్ని కొలతల పొడి వేయాలి. కొలత తలకొట్టి ఉండాలి. డబ్బా త్వరగా అయిపోతుందని పొడి తగ్గిస్తే పాప ఎదగదు. బలమని ఎక్కువ వేస్తే ఎక్కువైన లవణాలను బయటికి పంపడానికి లేత మూత్రపిండాలు నీటిని ఖర్చుచేస్తాయి. ఎండాకాలంలో అది మరింత ప్రమాదం.

కలిపిన గిన్నెను మూతపెట్టి చల్లనీటిలో ఉంచితే త్వరగా ఆరుతుంది. మణికట్టుమీద ఒక చుక్క వేసి చూసి, కాలకుండా ఉంటేనే పట్టాలి. కలిపిన పాలను రెండు గంటలు దాటితే పారబోయాలి. పాప తాగగా మిగిలినవి కూడా అంతే.

మీరే చేసి చూడండి

మీ ఇంటి ఫ్లాస్కులో పెద్దల సాయంతో మరిగిన నీరు పోయించి, బడిలోని ప్రయోగశాల ఉష్ణమాపకంతో గంటగంటకూ ఉష్ణోగ్రత కొలవండి. గ్రాఫు గీయండి. ఎన్ని గంటలకు 70 డిగ్రీల కిందికి దిగింది? పాత ఫ్లాస్కుకూ కొత్తదానికీ తేడా ఎంత? 70 కంటే తగ్గాక ఆ నీటిని పొయ్యిమీద మళ్లీ ఒక పొంగు రానిచ్చి వాడాలి.

ఆ అమ్మాయి ఈ ప్రయోగం చేసింది. వాళ్ల ఫ్లాస్కు నాలుగు గంటలే నిలిచింది. ఆ కాగితాన్ని అవ్వకు చూపించి, రాత్రి రెండు గంటలకు నీళ్లు కాచే పని తానే తీసుకుంది. పాపను డాక్టరు చూసి మందిచ్చారు. మళ్లీ విరేచనాలు రాలేదని తర్వాత చెప్పింది. ఒక్క ఇంటి అనుభవంతో ఏదీ రుజువు కాదని మీకు తెలుసు. కాని ఆ ఇంట్లో ఇప్పుడు ఫ్లాస్కులో నీళ్లే ఉంటున్నాయి, పాలు ఉండటం లేదు.