ఆర్కేడ్ పెట్టె: ముందు పానెల్, తరవాతే పలకలు

ఆర్కేడ్ ఆటయంత్రం చూడటానికి ఒక నిలువు బీరువాలా ఉంటుంది. పైన తెర, నడుము ఎత్తున జాయ్‌స్టిక్కూ బటన్లూ బిగించిన పానెల్, కింద నాణెం వేసే కంత. 1972లో అమెరికాలో అటారీ వారి ‘పాంగ్’, 1978లో జపానులో టైటో వారి ‘స్పేస్ ఇన్వేడర్స్’, 1980లో నామ్కో వారి ‘పాక్-మాన్’ వచ్చి ఆ బీరువాను పెద్ద పరిశ్రమగా నిలబెట్టాయి. ఆ యంత్రాల్లోని సర్క్యూట్ బోర్డులు చేసే పనిని మామూలు కంప్యూటరు చేత చేయించే ‘మేమ్’ అనే ప్రోగ్రాము 1997లో వెలువడింది. దాన్ని మొదలుపెట్టినవాడు నికోలా సాల్మోరియా అనే ఇటలీ దేశస్థుడు. అప్పట్నించీ పెట్టెను ఇంట్లోనే కట్టుకునే సరదా దేశదేశాలకీ పాకింది.

సరదా పడ్డవాళ్ళు చాలామంది ముందు వడ్రంగిని పిలుస్తారు. కొలతలు, పక్క పలకల వంపులు, రంగులు, బొమ్మలు అన్నీ తేలాక మిగిలిన చోట బటన్లు ఇరికిస్తారు. నా ఉద్దేశంలో ఇది తలకిందుల పద్ధతి. బొమ్మా, ధ్వనీ కంప్యూటరు ఎలాగూ ఇస్తుంది. కీబోర్డు ముందు కూచున్నా అవి వస్తాయి. పెట్టె వల్ల అదనంగా దక్కేది ఒక్కటే: ఆ ఆటను ఏ మీటల కోసం రాశారో ఆ మీటలు చేతికి అందడం. అది కుదరకపోతే ఎంత అందమైన పెట్టె అయినా ఉత్త బీరువానే.

ఎందుకంటారా? 1979 నాటి ‘ఆస్టరాయిడ్స్’కి అసలు జాయ్‌స్టిక్కే లేదు, ఐదు బటన్లు మాత్రమే. ‘పాక్-మాన్’కి ఒక్క జాయ్‌స్టిక్కు చాలు, ఆడటానికి బటన్‌తో పనే లేదు. 1982 నాటి ‘రోబోట్రాన్’కి రెండు జాయ్‌స్టిక్కులు: ఎడమచేత్తో నడక, కుడిచేత్తో కాల్పు. 1991 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ 2’కి ఒక్కో ఆటగాడికి జాయ్‌స్టిక్కుతోపాటు ఆరు బటన్లు కావాలి. వీటన్నిటినీ ఒకే పానెల్ మీద పెడదామనుకుంటే అది పెళ్ళి భోజనాల బల్లంత అవుతుంది, ఏ ఆటకీ సరిగ్గా సరిపోదు. కాబట్టి మీరు నిజంగా ఆడే నాలుగైదు ఆటలేమిటో ముందు తేల్చుకోండి. తరవాత అట్టముక్క మీద వృత్తాలు గీసి, చేతులు ఆనించి చూసుకోండి. మణికట్టుకు ఆసరా లేకపోయినా, వేళ్ళు వంకర తిరిగినా అట్ట దగ్గరే తెలిసిపోతుంది. అట్ట పారేయొచ్చు, కన్నాలు పడ్డ చెక్కను పూడ్చడం కష్టం.

జాయ్‌స్టిక్కు విషయంలో కొంచెం ఆగాలి. దాని అడుగున నాలుగు మైక్రోస్విచ్చులుంటాయి, దిక్కుకొకటి. ఎనిమిది దిక్కుల రకంలో కర్ర మూలకు వాలితే రెండు స్విచ్చులు ఒకేసారి నొక్కుకుంటాయి. కుస్తీ ఆటలకు అదే కావాలి. ‘పాక్-మాన్’కి మాత్రం అదే శత్రువు. సందు మలుపులో మీరు పైకి అన్నారనుకుంటారు, యంత్రానికి పైకీ కుడికీ రెండూ వినబడతాయి. వెనకాల దయ్యం ఎలాగూ సిద్ధంగానే ఉంటుంది. అసలు యంత్రంలో నాలుగు దిక్కుల కర్ర పెట్టింది అందుకే. కొన్ని జపాను జాయ్‌స్టిక్కుల అడుగునున్న చదరపు గేటును 45 డిగ్రీలు తిప్పి బిగిస్తే మూలలు మూసుకుపోయి, ఎనిమిది దిక్కుల కర్ర నాలుగు దిక్కులదవుతుంది.

బటన్లలోనూ రెండు సంప్రదాయాలున్నాయి. జపాను వాటికి 30 మిల్లీమీటర్ల కన్నం, అమెరికా వాటికి సుమారు 28. జపాను బటన్లలో నొక్కితే ఇరుక్కునే రకం పల్చటి రేకు పానెళ్ళ కోసం చేసింది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో దానికి పట్టు దొరకదు. మందపాటి చెక్కకు మరచుట్లున్న పొడుగు రకమే తీసుకోవాలి. జాయ్‌స్టిక్కు బిగించే చోట చెక్కను అడుగునించి కొంత తొలిచి పల్చన చెయ్యకపోతే కర్ర పొట్టిదైపోతుంది.

ఇక వైరింగ్. మన ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు నిజంగా రుచించేది ఇదే. పూర్వం చాలామంది పాత కీబోర్డు విప్పి, అందులోని సర్క్యూట్‌కే బటన్లు అతికేవారు. కీబోర్డులో తాళాలు అడ్డు, నిలువు వరసల వలలా ఉంటాయి. ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లో ఉన్నవి ఒకేసారి నొక్కితే నాలుగోది కూడా నొక్కినట్టే కనబడుతుంది, లేదా కీబోర్డు ఒక నొక్కును మింగేస్తుంది. ఉత్తరం టైపు చేసేవాడికి ఇది తగలదు. ఇద్దరు ఆటగాళ్ళు ఒకేసారి బాదే పానెల్ మీద మాత్రం అడుగడుగునా తగులుతుంది. అందుకని ఒక్కో బటన్‌కి ఒక్కో పిన్ను ఇచ్చే ఎన్‌కోడర్ బోర్డు వాడాలి. యూఎస్‌బీ రకాలు తయారుగా దొరుకుతాయి. కంప్యూటరుకు తనే కీబోర్డునని చెప్పుకోగల ఆర్డ్యునో లియోనార్డో లాంటి బోర్డుతో మనమే చేసుకోవచ్చు కూడా.

పని జరిగే తీరు తేలికే. బోర్డు లోపలి రెసిస్టరు పిన్నును 5 వోల్టుల దగ్గర పట్టి ఉంచుతుంది. బటన్ నొక్కగానే పిన్ను గ్రౌండుకు కలిసి సున్నా అవుతుంది. మైక్రోస్విచ్‌కున్న మూడు కాళ్ళలో ఉమ్మడి కాలు గ్రౌండుకి, మామూలుగా తెరిచి ఉండే కాలు పిన్నుకి. మూడోదాని జోలికి పోవద్దు. చిక్కేమిటంటే, స్విచ్ లోపలి రేకు తగలగానే కుదురుగా నిలవదు, కొన్ని మిల్లీసెకన్లు గంతులేస్తుంది. ఒక్క నొక్కు నాలుగైదు నొక్కులుగా నమోదు కావచ్చు. గంతులు ఆగేదాకా కాచుకుని అప్పుడు లెక్కించమని ప్రోగ్రాము రాస్తే ప్రతి నొక్కూ అంత ఆలస్యమవుతుంది. తెర మీద బొమ్మ మారేది సెకనుకు 60 సార్లు, అంటే సుమారు 17 మిల్లీసెకన్లకోసారి. ఆ ఆలస్యం వల్ల కొన్ని నొక్కులు తరవాతి బొమ్మకు జారిపోతాయి. మొదటి స్పర్శనే వెంటనే లెక్కవేసి, ఆ తరవాతి కొద్ది మిల్లీసెకన్లు చెవులు మూసుకోమంటే రెండు బాధలూ తీరతాయి.

పెట్టె గురించి చెప్పేది తక్కువే. తెర ముందు నిలువో అడ్డమో నిర్ణయించుకోండి. ‘పాక్-మాన్’ నిలువు తెర ఆట, ‘స్ట్రీట్ ఫైటర్ 2’ అడ్డం తెరది. వెనక పలకకు గాలి కన్నాలు, లోహభాగాలకు ఎర్త్ తప్పనిసరి. పాత పిక్చర్ ట్యూబు మీద మోజుంటే మాత్రం జాగ్రత్త సుమా! అందులో 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, స్విచ్ తీసేశాక కూడా నిలవుంటుంది. తెలిసినవారు పక్కన లేకుండా మూత తీయవద్దు. ఎల్‌సీడీ తెరకు ఈ భయం లేదు. మరో మాట: మేమ్ ఉచితమే గాని ఆటల హక్కులు ఆయా కంపెనీలవి. చట్టబద్ధంగా అమ్మే సంకలనాలున్నాయి, అవే కొనుక్కోండి.

రంగు వేయకముందే ఒక వారం ఆడండి. గ్రౌండు తీగ బటన్ నించి బటన్‌కి గొలుసులా పోతుంది గనక, మధ్యలో ఒక్క అతుకు ఊడితే దాని తరవాతి బటన్లన్నీ ఒకేసారి చచ్చిపోతాయి. గొలుసు చివరను కూడా తెచ్చి బోర్డుకే కలిపితే ఒక అతుకు ఊడినా ఆట ఆగదు. పానెల్‌ని మేకులతో బిగించకుండా మడతబందుల మీద పైకి లేచేట్టు పెట్టుకుంటే, ఊడిన అతుకును ఐదు నిమిషాల్లో వేసుకుని మళ్ళీ ఆటకు నిలబడొచ్చు.