కారుకు జబ్బు చేసినప్పుడు

మన సంఘంలో పాత కార్ల పిచ్చి ఉన్న కుటుంబాలు నాలుగైదు తేలాయి. ఒకరింట ఎం.జి.బి., మరొకరింట మోరిస్ మైనర్, మా ఇంట 1958 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్. ఈ చివరి దాన్ని చూసిన మనవాళ్ళెవరూ ఆక్స్‌ఫర్డ్ అనరు, "అరె, అంబాసిడర్!" అంటారు. అనడంలో తప్పు లేదు. ఆ నమూనా మీదే హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో 1950ల చివరి నుంచి 2014 దాకా అంబాసిడర్లు తయారు చేశారు. ఇక్కడివాళ్ళు 1959లో మానేసిన బండిని మనవాళ్ళు ఆ తర్వాత అర్ధ శతాబ్దం పైగా లాక్కొచ్చారన్నమాట.

ఈ కార్లున్నవాళ్ళు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. బాగా పోతున్న బండి ఉన్నట్టుండి వింత చప్పుడు చేసి, లాగడం మానేస్తే ఏమనుకోవాలి? ఎంత ఖర్చనుకోవాలి? నలభై పౌన్లు కావచ్చు, నాలుగు వేల పౌన్లూ కావచ్చు. బోనెట్ ఎత్తకుండానే ఏదో ఒకటి తేల్చి చెప్పేవారిని మాత్రం నమ్మకండి. పైగా 2018 మే నుంచి ఈ దేశంలో నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ చెయ్యని కార్లకు ఎం.ఓ.టి. పరీక్ష తప్పనిసరి కాదు. మనిషికి నలభైలో చెకప్పులు మొదలవుతాయి, కారుకు అప్పుడే మానేస్తారు! అంచేత చూసుకోవలసిన భారం మనదే.

మేము కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో వార్డులో నేర్పిన వరస ఒకటే: అడుగు, చూడు, తాకు, తట్టు, ఆ తర్వాతే చెవికి స్టెతస్కోపు పెట్టు. కారుకీ అదే వరస పనికొస్తుంది. చప్పుడు ఎప్పుడు మొదలైంది? ఎత్తు ఎక్కుతుంటేనా, గేరు మారుస్తుంటేనా? శక్తి ఒక్కసారిగా పోయిందా, వారం నుంచీ తగ్గుతూ వస్తోందా? ఆయిల్ లైటు వెలిగిందా? ఈ చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. లైటు వెలిగితే మరో వంద గజాలు కూడా నడపకూడదు. ఇంజన్ ఆపి, డిప్‌స్టిక్ తీసి చూడాలి.

మా బండి సంగతే చెబుతాము. ఆ మధ్య ఉగాది సభ చూసుకుని షెఫీల్డ్ నుంచి మాంచెస్టర్ వైపు స్నేక్ పాస్ ఎక్కుతున్నాము. ఆ కనుమ 500 మీటర్ల పైచిలుకు ఎత్తు. వెనక సీట్లో పిల్లలిద్దరూ, రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్యగారూ, ఆవిడ ఒడిలో మిగిలిన పులిహోర గిన్నె. సగం ఎక్కేసరికి ఫట్ ఫట్ మని చప్పుడు. మూడో గేరులో లాగదు, రెండో గేరులోనూ మూలుగుతోంది. "ఆపెయ్యండి బాబూ, ఒంట్లో బాగాలేని ఎద్దుని పొడిచి తోలినట్టు ఏమిటది?" అన్నారు అత్తయ్యగారు. ఆపేశాము. ఆయిల్ లైటు వెలగలేదు, వేడి ముల్లు మామూలుగానే ఉంది, డిప్‌స్టిక్ మీద నూనె సరిగానే ఉంది. బండిని లారీ మీద ఎక్కించి, దారిలో ఉన్న ఒక వర్క్‌షాపులో దింపించాము. అక్కడాయన అరనిమిషం విని, "బిగ్ ఎండ్ బేరింగు పోయింది, ఇంజన్ మార్చాలి" అన్నాడు. హెడ్ గాస్కెట్ కావచ్చు కదా అంటే, "నీళ్ళు నూనెలో కలవలేదుగా, కాదు" అన్నాడు. అంత ఖర్చు మీకెందుకు, తుక్కు ధరకి మేమే తీసుకుంటామన్నాడు. ఆ మాటకి మాకు ఒళ్ళు మండి, బండిని ఇంటికి తెచ్చుకున్నాము.

శనివారం పొద్దున్న మా గరాజ్‌లో పరీక్ష మొదలెట్టాము. మొదట చప్పుడు తాళం. కామ్‌షాఫ్టు క్రాంక్‌షాఫ్టు వేగంలో సగమే తిరుగుతుంది. కాబట్టి వాల్వుల వైపు చప్పుడైతే సగం వేగంతో టిక్కు టిక్కు మంటుంది. బేరింగు చప్పుడు లోతుగా, బరువుగా, ఇంజన్ అడుగు నుంచి వస్తుంది. బండి మీద బరువు పడిన కొద్దీ హెచ్చుతుంది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవి పక్క ఎముకకి ఆనిస్తే ఎక్కడిదో చక్కగా వినిపిస్తుంది. (ఫ్యాన్ బెల్టు దగ్గర చీర కొంగులు, టైలు జాగ్రత్త.) మా బండిలో వినబడింది ఈ రెండూ కాదు, గాలి తోసుకుపోతున్న చప్పుడు.

తర్వాత ప్లగ్గు వైర్లు. ఇంజన్ నడుస్తుండగా, పిడికి రబ్బరు తొడుగున్న పటకారుతో ఒక్కొక్క వైరూ తీసి పెట్టాలి. పనిచేసే సిలిండర్ వైరు తీస్తే ఇంజన్ ఇంకా తడబడుతుంది. తీసినా తేడా లేకపోతే ఆ సిలిండర్ ముందే పడకేసిందన్నమాట. మాకు ఒకటీ నాలుగూ తీస్తే తడబడింది, రెండూ మూడూ తీస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. (పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పరీక్ష దగ్గరికే రావద్దు. ఇది డాక్టర్లుగా చెబుతున్న మాట.)

ఇక కంప్రెషన్ గేజీ. మన బి.పి. మిషను లాంటిదే అనుకోండి. నాలుగు ప్లగ్గులూ తీసి, కాయిల్ వైరు ఊడదీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, స్టార్టరుతో తిప్పితే ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి పట్టుకుంటోందో తెలుస్తుంది. మాకు వచ్చిన అంకెలు వరసగా 125, 35, 35, 120. తక్కువ వచ్చిన చోట ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవాలి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. మాది పెరగలేదు. ఒక్క సిలిండరే పడిపోయి ఉంటే కాలిన వాల్వునో, జారిన పుష్‌రాడ్‌నో అనుమానించేవాళ్ళం. పక్కపక్క రెండూ ఒకే అంకెకి పడిపోయాయంటే వాటి మధ్య గోడ తెగినట్టే.

ఆ వర్క్‌షాపాయన తర్కం తప్పింది ఇక్కడే. గాస్కెట్ నీటి దారి దగ్గర తెగితే నీరూ నూనే కలవవచ్చు, రేడియేటరులో బుడగలు రావచ్చు. రెండు సిలిండర్ల మధ్య తెగితే ఒకదాని గాలి రెండోదాంట్లోకి పోతుంది, అంతే. నీటి జాడ ఉండదు. ఈ 1489 సి.సి. ఇంజన్‌లో రెండు, మూడు సిలిండర్ల పొగ ఒకే దారిన బయటికి పోతుంది కాబట్టి ఆ నడిమి భాగమే అన్నిటికన్నా వేడెక్కుతుంది. హెడ్డు ఎత్తి చూస్తే సరిగ్గా అక్కడే గాస్కెట్ కాలి, నల్లటి సందు పడి ఉంది. బేరింగులు నిక్షేపంగా ఉన్నాయి. హెడ్డు వంగలేదని స్టీలు బద్ద ఆనించి చూసుకుని కొత్త గాస్కెట్ వేశాము. నట్లు మధ్య నుంచి అంచులకు, రెండు మూడు దఫాలుగా బిగించాలి. గాస్కెట్ సెట్టు నలభై పౌన్ల లోపే అయింది. రెండు వారాంతాలు పోయాయి, గోళ్ళ నలుపు పోవడానికి మరో వారం పట్టింది.

హెడ్డు ఎలాగూ విప్పాం కనుక వాల్వు సీట్లు కూడా చూశాము. 2000 జనవరి 1 నుంచి ఇక్కడ సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. సీసం లేని పెట్రోలుతో గట్టిగా తోలితే ఈ పాత ఇనప హెడ్డుల్లో ఎగ్జాస్టు సీట్లు అరిగి, వాల్వు లోపలికి దిగుతుంది. అప్పుడు ట్యాపెట్ సందు మూసుకుపోయి చప్పుడు తగ్గుతుంది! బండి నెమ్మదించిందని సంతోషిస్తాం, ఈలోగా వాల్వు కాలిపోతుంది. ఉబ్బసం తీవ్రమైన రోగి ఛాతీలో పిల్లికూతలు ఆగిపోతే మేమెంత కంగారు పడతామో ఇదీ అంతే. అందుకే గట్టి సీట్లు వేయించాము. అది మాత్రం మిషన్ షాపు వాళ్ళ పనే, ఇంట్లో అయ్యేది కాదు.

ఓ రెండొందల మైళ్ళు తిరిగాక హెడ్డు నట్లు మళ్ళీ సరిచూసి, ట్యాపెట్లు సర్దుకోవాలి. గేజీ కావలసినవారు ముందుగా ఫోను చేసి, మాకు ఆన్‌కాల్ లేని శనివారం రండి. స్టెతస్కోపు మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. మాది నూనె మరకలైపోయి వార్డుకు వేరే కొనుక్కోవలసి వచ్చింది.