ఎంత బరువు, ఎన్నిసార్లు?

బరువులెత్తే కసరత్తు గురించి వినిపించే సలహాల్లో ఒకదానికొకటి పొసగనివే ఎక్కువ. తక్కువసార్లయినా పెద్ద బరువే ఎత్తాలని ఒకరు, తేలిక బరువును ఎక్కువసార్లు ఎత్తాలని మరొకరు చెబుతారు. ఒంట్లో సత్తువ అయిపోయేదాకా ఆపవద్దని ఒక శిక్షకుడంటే, ఇంకో రెండుసార్లు ఎత్తగల ఓపిక ఉండగానే దించెయ్యాలని ఇంకొకరంటారు. ఇవి ఈనాటి జిమ్ముల్లో పుట్టిన తగాదాలు కావు, వైద్యశాలల్లోనే వీటికి డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల దెబ్బతిన్న మోకాళ్లకు తిరిగి బలం చేకూర్చడానికి అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలార్మ్, బరువును క్రమంగా పెంచుకుంటూ పోయే పద్ధతిని రూపొందించి, 1945లో ప్రకటించాడు. మొదట్లో పదేసి ఎత్తుల చొప్పున ఏడు నుంచి పది విడతలు చేయించిన ఆయనే, 1948 నాటికి రెండు మూడు విడతలు చాలునన్నాడు. విడత అంటే మధ్యలో విశ్రాంతి లేకుండా వరుసగా ఎత్తే ఎత్తుల సముదాయం. జిమ్ములో దీన్నే సెట్ అంటారు. పదిసార్లకు మించి ఎత్తలేని బరువేదో ముందు కనుక్కుని, అందులో సగంతో మొదటి విడత, ముప్పాతికతో రెండోది, పూర్తి బరువుతో మూడోది చేయించడం ఆయన పద్ధతి. 1951లో ఆక్స్‌ఫర్డ్‌లో జినోవియెఫ్ అనే వైద్యుడు ఈ వరుసను తలకిందులు చేసి, కండరం అలసిపోకముందే పూర్తి బరువు ఎత్తించి, అలసట పెరిగేకొద్దీ బరువు తగ్గిస్తూ వచ్చాడు. ఇంత విరుద్ధమైన రెండు పద్ధతులనూ పోల్చి చూస్తే ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రెండింటిలోనూ కండరం తన శక్తి మేరకు శ్రమపడడమే దానికి కారణమనుకోవాలి.

తేలిక బరువా, భారీ బరువా అన్న వివాదంలోనూ ఇరుపక్షాల మాటా కొంత నిజమే. ఇక ఎత్తలేమనిపించే స్థితికి దగ్గరగా వెళ్లినప్పుడు రెండు రకాల బరువులతోనూ కండ దాదాపు ఒకేలా పెరుగుతుందని ఇటీవలి పరిశోధనలు చూపాయి. అయితే బలం, అంటే ఒక్కసారిగా ఎత్తగలిగే గరిష్ఠ భారం, పెరగాలంటే పెద్ద బరువులే మేలు; కండరపు పోగులచేత ఒక్కుమ్మడిగా పనిచేయించడం నాడులు కూడా నేర్చుకోవాలి కదా. కండ కోసం వచ్చినవాడికి బలానికి పనికొచ్చే సలహా ఇచ్చినప్పుడే గందరగోళమంతా మొదలవుతుంది.

బరువు ఎంత పెంచాలన్నది నిపుణులకూ కష్టమైన నిర్ణయమే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి, ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110 కిలోలు, భుజాల దాకా లేపి ఆపై తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తాక, చివరి ప్రయత్నానికి ఏకంగా 137.5 కిలోలు ఎంచుకుని, ఎత్తలేక, కాంస్యంతో తిరిగివచ్చింది. మొదటి రెండు స్థానాల్లో నిలిచినవారి మొత్తం 242.5 కిలోలే కాబట్టి, 132.5 ఎత్తినా వారితో సమానమయ్యేది. అయినా భారతదేశానికి తొలి మహిళా ఒలింపిక్ పతకం ఆమెదే.

బరువును ఎంచుకునే వీలే లేనివారికి ఈ చర్చలు ఎంతవరకు పనికొస్తాయన్న ప్రశ్న తెలంగాణలోని దమ్మపేట మండలంలో తప్పక అడగవలసింది. ఇక్కడి పామాయిల్ తోటల్లో కోసి, అప్పారావుపేట ఫ్యాక్టరీకి తరలించే గెల ఒక్కొక్కటి తరచుగా పది నుంచి పాతిక కిలోల దాకా తూగుతుంది. చెట్టు ముదిరేకొద్దీ గెల బరువు పెరుగుతుంది. జిమ్ములో కండకు రెండు రోజుల విశ్రాంతి ఇవ్వవచ్చు, కోత రోజున కూలీకి ఆ వెసులుబాటు ఉండదు. నడుము వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తమన్నది అందరికీ తెలిసిన సలహా. కానీ అలా ఎత్తడమే నడుముకు మేలని పరిశోధనలు గట్టిగా నిరూపించలేదు. వంగే తీరు కన్నా, బరువు ఒంటికి ఎంత దూరంలో ఉందన్నది ఎక్కువ ముఖ్యం. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారం, అన్ని విధాలా అనుకూలమైన పరిస్థితిలో ఎత్తదగిన బరువు 23 కిలోలు. చీలమండల నుంచి చేతులు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఈ లెక్క చెల్లుతుంది, ఆ దూరం 50 సెంటీమీటర్లయితే అది సగానికి, అంటే పదకొండున్నరకు పడిపోతుంది.

గెలకు ముళ్లుంటాయి కాబట్టి కూలీ దాన్ని ఒంటికి దూరంగా పట్టుకోవడం సహజమే, నడుముకు చేటు చేసేదీ అదే. అందువల్ల ఈ పనిలో ఉన్నవారికి మోకాళ్ల గురించి చెప్పే ముందు, గెలను ఛాతీకి ఆనించుకోగలిగేలా మందపాటి చేతి తొడుగులు, దళసరి ముందుగుడ్డ ఇవ్వడం, పెద్ద గెలలను ఇద్దరు కలిసి ట్రాక్టరు తొట్టెలోకి ఎత్తేలా చూడడం తోట యజమానుల మొదటి బాధ్యత.