ఎడమ పట్టీ ఎందుకు సాగుతుంది?

బిలాస్‌పూర్ రైల్వే ఊళ్ళో పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే బరాత్‌ల సందడి. పెళ్ళికొడుకులు మారుతుంటారు, వాళ్ళ కాళ్ళ పొడవులూ మారుతుంటాయి. గుర్రం మీది జీను మాత్రం అదే. రికాబు వేలాడే తోలుపట్టీకి వరసగా చిల్లులు పెట్టేది ఇందుకే. ఎక్కకముందే కొలత చూసుకునే సులువు ఒకటుంది. పట్టీ తగిలించిన చోట వేళ్ళ కొసలు ఆనించి, చేయి చాపి, రికాబును చంక వైపు లాగాలి. దాని అడుగు చంకను తాకితే పొడవు ఇంచుమించు కుదిరినట్టే.

రెండు పట్టీలనూ ఒకే నంబరు చిల్లులో పెట్టినా ఒక్కోసారి రౌతు పక్కకి ఒరుగుతాడు. గుర్రాన్ని ఎడమవైపు నుంచి ఎక్కడం ఆనవాయితీ కదా, ఎక్కిన ప్రతిసారీ ఒంటి బరువంతా ఆ పట్టీ మీదే పడి అది సాగుతుంది. అప్పుడప్పుడూ రెండింటినీ అటూ ఇటూ మార్చాలి. మార్చకపోతే నొప్పి పడేది గుర్రం వీపు, నోరులేని జీవం.

ఇంగ్లీషు తరహా జీనుల్లో పట్టీ గరుకు ముఖం బయటికి ఉంటుంది. తిరగేసి కుట్టారనుకోకండి, ఇనుము రాపిడికి ఓర్చుకునేది నునుపు ముఖమే. ఎప్పుడూ ఒకేచోట అరుగుతుంటే, పనితెలిసినవాడు బకిల్ దగ్గర అంగుళమో రెండంగుళాలో కోసి మళ్ళీ కుడతాడు. అరిగే చోటు జరిగి పట్టీ ఇంకొన్నాళ్ళు మన్నుతుంది. నడుమ కొత్త చిల్లు కావాలంటే గుండ్రటి పంచ్‌తోనే కొట్టాలి. మేకుతో పొడిస్తే తోలు చీలుతుంది. కొత్త పట్టీయే కావాలంటే, జీనుల తయారీకి దేశమంతా పేరున్న కాన్పూర్‌కి బిలాస్‌పూర్ మీదుగా బేత్వా ఎక్స్‌ప్రెస్ ఉంది.

ఇక రికాబు చరిత్రకొస్తే, చైనాలోని చాంగ్షాలో క్రీ.శ. 302 నాటి సమాధిలో దొరికిన గుర్రపు బొమ్మకు రికాబు ఒక్కటే, అదీ ఎడమవైపే. అప్పట్లో అది ఎక్కడానికి మాత్రమే! 415లో చనిపోయిన ఉత్తర యాన్ రాజవంశీకుడు ఫెంగ్ సుఫు సమాధిలో జత రికాబులు దొరికాయి. 1741లో భాస్కర్ పంత్ మరాఠా సేన బిలాస్‌పూర్ పక్కనున్న రతన్‌పూర్‌ను పట్టుకునేనాటికి జత రికాబులు లేని రౌతు ఊహకే అందడు.

ఇక ఈనాడు హైదరాబాద్ మలక్‌పేట గుర్రప్పందేల్లో జాకీలు పట్టీని బాగా పొట్టిచేసి, జీనును తాకకుండా ముందుకు వంగి స్వారీ చేస్తారు.

పట్టీ తగిలించే కొక్కేనికి చివర చిన్న గొళ్ళెం ఉంటే, దాన్ని తెరిచే ఉంచండి. రౌతు పడిపోయి కాలు రికాబులో ఇరుక్కుంటే పట్టీ వెనక్కి జారి ఊడివస్తుంది. గొళ్ళెం మూసివుంటే గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది.