ఎక్కువ ధర పెడితే అసలు సరుకేనా?

మీరు కిరాణా కొట్టుకు నూనె కోసం వెళ్ళారనుకోండి. డబ్బాలోంచి కొలిచి పోసే లూజు నూనె ఒక ధర. సీలు వేసిన ప్యాకెట్టు అంతకంటే ఎక్కువ. మిగిలిన డబ్బుతో కూరగాయలు వస్తాయని మీరు లూజు నూనె వైపు చూస్తారు. ఈ లెక్కలో చేరని ఖర్చు ఒకటి ఉంది. అదేమిటో చూద్దాం.

1. ఢిల్లీలో ఏం జరిగింది?

1998 ఆగస్టులో ఢిల్లీలో అనేకమందికి కాళ్ళు వాచాయి, ఆయాసం వచ్చింది. కొందరికి గుండె దెబ్బతిన్నది. ఈ జబ్బు పేరు డ్రాప్సీ. వారు రోజూ వంటకు వాడే ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలవడమే దీనికి కారణం. బ్రహ్మదండి పసుపు పూలు పూసే ముళ్ళ మొక్క. బీడు భూముల్లో మీరు చూసే ఉంటారు. దాని గింజలు ఆవాలను పోలి ఉంటాయి. వాటి నూనెలో సాంగ్వినరిన్ అనే విషం ఉంటుంది. సుమారు 60 మంది మరణించారు. 3,000 మందికి పైగా జబ్బుపడ్డారు. ఈ కల్తీని ఇంట్లో చూసి గుర్తుపట్టలేము. ప్రయోగశాలలో పరీక్షించాలి.

2. అదనపు ధర దేనికి?

ధర ఎక్కువైనంత మాత్రాన సరుకు స్వచ్ఛమైనదని చెప్పలేము. నెయ్యి, తేనె వంటి ఖరీదైన సరుకుల్లో కల్తీ చేసేవారికి లాభం మరీ ఎక్కువ. మరి ప్యాకెట్టుకు అదనంగా ఎందుకు ఇవ్వాలి? దానిపై తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తేదీ, 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటాయి. కొన్నింటిపై అగ్‌మార్క్ గుర్తు కూడా ఉంటుంది. నష్టం జరిగితే ఎవరిని అడగాలో తెలుస్తుంది. లూజు నూనెకు ఈ ఆధారం ఉండదు. అందుకే రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపు ఇస్తే తప్ప వంటనూనెను ప్యాకెట్లలోనే అమ్మాలని నియమం ఉంది.

3. మీ హక్కు

1954 నాటి కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చింది. దీని 40వ సెక్షను ప్రకారం, కొనేటప్పుడే దుకాణదారుకు తెలియజేసి, రుసుము చెల్లించి, మీరు కొన్న సరుకును పరీక్ష చేయించవచ్చు. సరుకు చట్టానికి విరుద్ధంగా ఉందని తేలితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. కనుక రసీదు అడిగి తీసుకోండి. కల్తీ లేని ఆహారం పొందే హక్కు చవక సరుకు కొనేవారికీ ఉంది.

పాఠగత ప్రశ్నలు

1. బ్రహ్మదండి గింజలు ఆవాలలో సులువుగా కలిసిపోవడానికి కారణమేమి?
2. మీ ఇంట్లోని నూనె ప్యాకెట్టుపై పైన చెప్పిన వివరాలలో ఏవేవి ఉన్నాయో రాయండి.