వెచ్చదనం వెల

మండుటెండలో చెట్టు నీడకై వెదికే తెలుగు రైతుకు, పైరుకు చలి కాచే రైతు మరొకడు ఉంటాడంటే వింతగా తోస్తుంది. మన పాలీహౌస్‌లలో ప్రధాన సమస్య లోపలి వేడిని వెలుపలికి పంపడం. ఉత్తర ఐరోపాలో ఈ సమస్య తలకిందులవుతుంది. అక్కడ హరితగృహంలో వెచ్చదనాన్ని నిలపడమే రైతు సాధన. ఆ వెచ్చదనానికి వెల ఉంది. దానిని ముందుగా లెక్కగట్టలేని రైతు విత్తు నాటకమునుపే నష్టపోతాడు.

నెదర్లాండ్స్ దేశం సుమారు 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర అక్కడ పగటి నిడివి ఎనిమిది గంటలకు లోపే. ఆ దేశంలో హేగ్ నగరానికి చేరువన, సముద్ర తీరాన ఉన్న వెస్ట్‌లాండ్ ప్రాంతంలో కనుచూపు మేర గాజు కప్పులే కనిపిస్తాయి. అందుకే దానికి ‘గాజు నగరం’ అనే పేరు వచ్చింది. టమాటా, దోస, క్యాప్సికం, పూలు ఆ గాజు కప్పుల కింద పెరుగుతాయి. వాటికి వెచ్చదనాన్ని చిరకాలంగా సమకూర్చిన ప్రధాన ఇంధనం సహజ వాయువు.

ఒక ఋతువుకు ఎంత ఇంధనం కావాలో అంచనా వేయడానికి మూడు అంశాలు మూలం. మొదటిది కప్పు వైశాల్యం. ఇది నేల వైశాల్యం కాదు. పైకప్పు, గోడలు కలిసిన మొత్తం. వేడి జారిపోయేది వాటి గుండానే కదా! రెండవది ఉష్ణనష్ట గుణకం. లోపలికి, వెలుపలికి ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి పోతుందో ఇది తెలుపుతుంది. ఒంటిపొర గాజుకు ఇది సుమారు 6. నడుమ గాలి నింపిన రెండు పొరల పాలిథిన్‌కు సుమారు 4. మూడవది లోపలి, వెలుపలి ఉష్ణోగ్రతల తేడా. ఈ మూడింటిని గుణిస్తే వేడి ఎంత వేగంగా పోతున్నదో తెలుస్తుంది.

ఒక ఉదాహరణను ఊహించుకుందాం. ఒంటిపొర గాజు కప్పు 1,000 చదరపు మీటర్లు. రాత్రివేళ లోపల 16 డిగ్రీలు నిలపాలి. వెలుపల సగటు 4 డిగ్రీలు. తేడా 12. అప్పుడు ఉష్ణనష్టం 72,000 వాట్లు, అనగా 72 కిలోవాట్లు. పగటి అవసరాన్ని సూర్యుడే తీరుస్తాడనుకొని, రాత్రికి 14 గంటల చొప్పున 180 రాత్రులు లెక్కిస్తే 2,520 గంటలు. ఆ కాలమంతటికీ కావలసిన వేడి 1,81,440 యూనిట్లు. ఇక్కడ యూనిట్ అంటే మన విద్యుత్ బిల్లులో కనిపించే యూనిట్టే. బాయిలర్ నూటికి తొంభై పాళ్లు మాత్రమే వేడినిస్తే, కొనవలసిన ఇంధనం 2,01,600 యూనిట్లు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. అత్యంత శీతల రాత్రి వెలుపల మైనస్ 10 డిగ్రీలు ఉంటే తేడా 26. అప్పుడు 156 కిలోవాట్లు కావాలి. బాయిలర్ పరిమాణాన్ని నిర్ణయించడానికి ఈ సంఖ్యే ప్రమాణం. కాని ఋతువంతా ఇంతే చలి ఉంటుందని లెక్కిస్తే వ్యయం రెట్టింపు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. యంత్రాన్ని కొనేటప్పుడు తీవ్రతను, ఇంధనాన్ని కొనేటప్పుడు సగటును చూడాలి. సందుల గుండా దూరే గాలికి, మబ్బు పట్టిన పగళ్లకు మరికొంత చేర్చాలి. వాయువుతో విద్యుత్తును కూడా ఉత్పత్తి చేసి అమ్మే రైతు ఆ రాబడిని మినహాయించుకోవాలి.

ఇక మిగిలింది ధర. 2021 ఆరంభంలో ఐరోపా టోకు విపణిలో వెయ్యి యూనిట్ల వాయువు ధర సుమారు 20 యూరోలు. ఆ లెక్కన మన ఉదాహరణలో వ్యయం 4,032 యూరోలు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లో, ఆగస్టు నెలలో ఆ ధర 300 యూరోలు దాటింది. ఆ ధరే ఋతువంతా నిలిస్తే వ్యయం 60,480 యూరోలు! గాజు మారలేదు, చలి మారలేదు. ధర ఒక్కటే మారింది. ఆ శీతకాలంలో పలువురు డచ్ రైతులు నాట్లు వాయిదా వేశారు. కొందరు హరితగృహాలను ఖాళీగా ఉంచారు. పంట వేయకపోవడం కూడా ఒక్కొక్కప్పుడు లెక్క చెప్పిన వివేకమే.

పొదుపుకు మార్గం లేకపోలేదు. గుణకం 6 నుండి 4కు తగ్గితే ఇంధనంలో మూడవ వంతు మిగులుతుంది. పాత ధరలో ఆ మిగులు 1,344 యూరోలు. 300 యూరోల ధరలో 20,160. అయితే రెండవ పొర కొంత వెలుతురును అడ్డగిస్తుంది. అందుకే రాత్రి పరచి, పగలు తొలగించే ఉష్ణరక్షక తెరలను వాడుతారు.

మన దేశంలోని లడఖ్‌లో మరొక మార్గం కనిపిస్తుంది. అక్కడి సౌర హరితగృహాలకు దక్షిణ దిక్కున పారదర్శకమైన పాలిథిన్, తక్కిన దిక్కుల మందమైన మట్టి ఇటుకల గోడలు ఉంటాయి. పగలు ఎండను తాగిన గోడ రాత్రి వెచ్చదనాన్ని విడుస్తుంది. అక్కడ శీతకాలపు ఆకుకూరలకు ఇంధనం సూర్యుడే. వేడిని కొనడం కంటే దానిని పోనీయకుండా నిలుపుకోవడమే మేలని ఆ గోడలు చెబుతున్నాయి.

ప్రశ్నలు

1. ఋతువ్యయాన్ని అంచనా వేయడానికి మూలమైన మూడు అంశాలను వివరించండి.
2. బాయిలర్ పరిమాణానికి, ఇంధన వ్యయానికి వేర్వేరు లెక్కలు ఎందుకు అవసరం?
3. ‘పంట వేయకపోవడం కూడా ఒక్కొక్కప్పుడు లెక్క చెప్పిన వివేకమే’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.