పడవకి తాళం వేసి రాలేం కదా!

కారైతే ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో పెట్టేసి విమానం ఎక్కేస్తాం. ఇల్లయితే తాళం వేసి, పక్కింటివాళ్ళకి ఓ మాట చెప్పి వస్తాం. మరి తెరచాప పడవైతే? అదీ సొంత దేశం కాని దేశంలో ఉంటే?

2025 మే నెలలో మాకీ చిక్కు వచ్చిపడింది. ఫ్లోరిడాలో కొనుక్కున్న 36 అడుగుల పడవలో కరీబియన్ ద్వీపాలు ఒక్కొక్కటే చూసుకుంటూ గ్రెనడా చేరాం. అక్కడ ఉండగానే కాకినాడ నుంచి ఫోను. అమ్మకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ చెయ్యాలన్నారు. మళ్ళీ సొంతంగా నడిచేదాకా పక్కన ఉండాలి. అంటే తక్కువలో తక్కువ ఆరు నెలలు. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం కూడా సరిగ్గా జూన్ 1 నుంచి నవంబరు 30 దాకానే. మా పదిహేనేళ్ళ పొదుపంతా ఆ పడవలోనే ఉంది.

కాగితం మీద గీత

ముందు బీమా పాలసీ తీసి చదివాం. హరికేన్ల కాలంలో పడవ ఉత్తర అక్షాంశం 12 డిగ్రీల 40 నిమిషాలకి దక్షిణంగా ఉండాలని అందులో ఉంది. గ్రెనడా 12 డిగ్రీల దగ్గరే ఉంది. ఇంకేం, ఇక్కడే వదిలేద్దాం అనుకున్నాం.

కానీ తుపాను పాలసీ చదివి రాదు కదా! 1955లో జానెట్ తర్వాత గ్రెనడాకి పెద్ద హరికేన్ల భయం లేదనే చాలామంది నమ్మారు. 2004 సెప్టెంబరు 7న ఇవాన్ వచ్చింది. ఒడ్డున స్టాండ్ల మీద నిలబెట్టిన పడవలు ఒకదాని మీద ఒకటి పేకముక్కల్లా పడ్డాయి. మరుసటి ఏడాది జులైలో ఎమిలీ. 2024 జులై 1న బెరిల్ వచ్చి గ్రెనడాకే చెందిన కారియాకూ ద్వీపాన్ని ఊడ్చేసింది. అక్కడ మడ అడవుల్లోకి తీసుకెళ్ళి కట్టిన పడవలు కూడా ముక్కలయ్యాయి. కారియాకూ కూడా మా పాలసీ గీతకి దక్షిణంగానే ఉంది! బీమా ఉంటే డబ్బు వస్తుందేమో గానీ, పడవ రాదు.

నాలుగు చోట్లు, నాలుగు లెక్కలు

గ్రెనడాలోనే ఉంచితే కష్టం లేదు. యార్డులు మంచివి, నేలలో లంగరు వేసి పట్టీలతో బిగించే ఏర్పాటు ఉంది. బెరిల్ వచ్చినప్పుడు దక్షిణ తీరంలోని యార్డులు దాదాపుగా బయటపడ్డాయి కూడా. అయితే అది తుపాను దారి కొద్దిగా ఉత్తరంగా పోవడం వల్లే.

కురసావో పడమరగా ఉంది. హరికేన్లు తక్కువ. కానీ తిరిగొచ్చేటప్పుడు గాలికీ, ప్రవాహానికీ ఎదురు నడపాలి. వందల మైళ్ళు అలా కొట్టుకుంటూ రావడం మా ఇద్దరివల్లా కాదు.

గ్వాటెమాలాలోని రియో డుల్సే నది లోపలికి ఉంటుంది కాబట్టి అలల బాధ లేదు. కానీ మేమున్న చోటికి చాలా దూరం. పైగా లివింగ్‌స్టన్ దగ్గర నదీముఖంలో ఇసుక మేట. లోతైన కీల్ ఉన్న పడవలకి అది దాటడం తలనొప్పి.

ఇక ట్రినిడాడ్. 10 డిగ్రీల 40 నిమిషాల దగ్గర ఉంది. తుపాను అస్సలు రాదని కాదు, 2017 జూన్‌లో బ్రెట్ వచ్చింది. అయినా హరికేన్ల దారికి బాగా దిగువన. గ్రెనడా నుంచి సుమారు 80 నాటికల్ మైళ్ళు, ఒక రాత్రి ప్రయాణం. భయమల్లా ఆ దారిలో 2015 డిసెంబరులో పడవల మీద జరిగిన దోపిడీలు.

నాలుగు రోజులు తర్జనభర్జన పడ్డాం. అమ్మకి ఫోన్లో చెబితే నవ్వింది. ‘‘మన ఉప్పాడవాళ్ళు తుపానొస్తోందంటే పడవకి ఇంకో తాడు కడతార్రా? ఊళ్ళోకి లాగేసుకుంటారు. మీరూ దూరంగా లాగెయ్యండి’’ అంది. అంతే, ట్రినిడాడ్‌కే బయల్దేరాం. ప్రయాణ వివరాలు ముందే అక్కడి కోస్ట్‌గార్డుకి పంపి, మరో రెండు పడవలతో కలిసి వెళ్ళాం. తెల్లారేసరికి చాగురామాస్ కొండలు కనిపించాయి.

1845 నుంచి కలకత్తా, మద్రాసు రేవుల మీదుగా మనవాళ్ళు కూలీలుగా వెళ్ళిన దేశం అది. మద్రాసు నుంచి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. రోడ్డు పక్కన దాల్‌పూరీ తింటుంటే పరాయి దేశం అనిపించలేదు.

నీళ్ళలోనా, నేల మీదా?

నీళ్ళలో వదిలితే అడుగున నాచూ, గుల్లలూ పడతాయి. తాళ్ళు ఒరుసుకుంటాయి. బ్యాటరీ అయిపోతే నీళ్ళు తోడే పంపు ఆగుతుంది. చూసేవాళ్ళు లేకుండా ఆరు నెలలంటే మాకు ధైర్యం చాలలేదు. క్రేన్‌తో ఎత్తించి యార్డులో పెట్టించాం. తెరచాపలు విప్పి లోపల పెట్టాం. గాలికి ఎగిరేది ఏదీ పైన ఉంచలేదు. నెలకోసారి తెరిచి చూడ్డానికి ఒక మనిషిని మాట్లాడుకున్నాం.

అక్టోబరు 28 రాత్రి

అమ్మ ఆపరేషన్ బాగా జరిగింది. దసరాకల్లా కర్ర పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిచింది. మేం రోజూ పొద్దున్నే అట్లాంటిక్ వాతావరణ పటం చూసేవాళ్ళం. అక్టోబరు 28న మెలిస్సా హరికేన్ జమైకాని తాకింది. చిత్రమేమంటే, అదే రాత్రి మొంథా తుపాను మన కోస్తా మీదకి వచ్చింది! కరెంటు పోయింది. కిటికీలు దడదడలాడుతున్నాయి. ట్రినిడాడ్‌లో పడవ పొడిగా ఉంది, కాకినాడలో మేం కొవ్వొత్తి వెలుగులో కూర్చున్నాం. ‘‘పడవని దాచారు సరే, నన్నెక్కడ దాస్తార్రా?’’ అంది అమ్మ.

డిసెంబరులో తిరిగి వెళ్ళాం. పడవ నిలబెట్టిన చోటే ఉంది. అయితే నెలనెలా తెరుస్తానన్న మనిషి ఒక్కసారే తెరిచినట్టున్నాడు. పైన నీళ్ళు పోయే రంధ్రం ఆకులతో పూడి, వాననీళ్ళు లోపలికి దిగాయి. పరుపులన్నీ బూజు. వారం రోజులు కడుక్కున్నాం. ఆ ఏడాది గ్రెనడాకీ ఏమీ కాలేదు. అక్కడే ఉంచితే సరిపోయేదిగా అన్నారు స్నేహితులు. నిజమే కావచ్చు. కానీ ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన ఆ రాత్రులు నిద్రపోగలిగామంటే, పడవ దక్షిణాన ఉందన్న ధీమాతోనే.

వదిలే ముందు ఇవి చూసుకోండి

* పాలసీలో అక్షాంశం గీతే కాదు, పేరు పెట్టిన తుపాను నష్టానికి మినహాయింపు ఎంతో కూడా చదవండి.

* స్టాండ్లని గొలుసులతో కలుపుతారా, పడవని నేలకి పట్టీలతో బిగిస్తారా అని యార్డుని అడగండి. పక్క పడవ ఎలా కట్టారో కూడా చూడండి. మీది గట్టిగా ఉన్నా, అది మీ మీద పడొచ్చు.

* పడవలో వచ్చి విమానంలో వెళ్తున్నట్టు ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ వాళ్ళకి చెప్పి కాగితం తీసుకోండి. ఒకవైపు టికెట్‌తో తిరిగొచ్చేటప్పుడు అదే అక్కరకొస్తుంది.

* నీళ్ళు పోయే రంధ్రాలకి జల్లెడ పెట్టండి. చూసే మనిషిని ప్రతి నెలా తేదీ కనబడేలా ఫొటో పంపమనండి. డబ్బు ఫొటో వచ్చాకే పంపండి. ఈ ఒక్కటీ మేం చెయ్యలేదు.